ఫెయిత్‌లెస్ లూటింగ్‌ను ఎప్పుడు, ఎలా వాడాలి? తిరుపతి కొత్త ఆటగాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం సాయంత్రాలు బాలాజీ కాలనీలో మేం ఆడుకునే చోటికి యూనివర్సిటీ హాస్టళ్ల నుంచి ప్రతి ఏడాదీ కొత్తవాళ్లు వస్తుంటారు. మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆట నియమాలు వాళ్లకు త్వరగానే పట్టుబడతాయి. ఒక్క ఫెయిత్‌లెస్ లూటింగ్ అనే కార్డు దగ్గర మాత్రం అందరికీ అవే సందేహాలు వస్తాయి. ఒకరు దాన్ని పనికిరాని కార్డని పక్కన పెడతారు, ఇంకొకరు చేతికి వచ్చిన క్షణమే వేసేస్తారు. రెండూ తప్పే. పారేయడానికి ఏముందో చూసుకున్నాకే దీన్ని వేయాలి. ఈ పేజీలో ఉన్నదంతా ఆ ఒక్క మాటకు వివరణే. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా అర్థమయ్యేలా రాశాను, మీకు కావలసిన చోటి నుంచి చదువుకోండి.

## మొదట తెలుసుకోవలసినవి

ఈ కార్డు చేసే పని ఏమిటి?

ఒక ఎర్ర మనా (ల్యాండ్ కార్డులు ఇచ్చే శక్తి, కార్డులు వేయడానికి చెల్లించేది) ఖర్చుపెట్టి వేసే సార్సరీ ఇది, అంటే మీ టర్నులోనే వేయగల మంత్రం. లైబ్రరీ (మీరు ఎత్తుకునే కార్డుల కట్ట) నుంచి రెండు కార్డులు ఎత్తి, ఆ తర్వాత చేతిలోంచి రెండు కార్డులు పారేయాలి. పని ముగిశాక గ్రేవ్‌యార్డ్‌కు, అంటే వాడేసిన, పారేసిన కార్డుల కుప్పకు వెళ్తుంది, కానీ దీనికి ఫ్లాష్‌బ్యాక్ ఉంది. ఒక ఎర్ర మనా, ఏ రంగువైనా మరో రెండు మనాలు, మొత్తం మూడు చెల్లిస్తే గ్రేవ్‌యార్డ్ నుంచే ఇంకోసారి వేయవచ్చు. అలా రెండోసారి వేశాక ఎగ్జైల్ అవుతుంది, అంటే ఆట బయటికి పోతుంది, ఇక తిరిగి రాదు. 2012లో వచ్చిన డార్క్ అసెన్షన్ సెట్‌లో కామన్‌గా (తేలిగ్గా దొరికే శ్రేణిలో) ముద్రించారు.

రెండు ఎత్తి రెండు పారేస్తే నాకు ఒరిగిందేమిటి? చేతిలో ఒక కార్డు తగ్గింది కదా!

తగ్గింది, నిజమే. లూటింగ్ చేతిలోంచి పోయింది, రెండు వచ్చాయి, రెండు పోయాయి. లెక్క కడితే ఒక కార్డు నష్టం. ఫ్లాష్‌బ్యాక్‌తో వేసినప్పుడు చేతిలోంచి ఏమీ ఖర్చు కాదు కాబట్టి అప్పుడు లాభనష్టాలు సమానం. రెండుసార్లూ కలిపి నాలుగు మనాలకు నాలుగు కొత్త కార్డులు చూస్తారు, ఒక కార్డు కోల్పోతారు.

అయితే ఈ లెక్క చేతిలోని కార్డులన్నీ సమానమేనని అనుకుంటుంది. ఆటలో అవి ఎప్పుడూ సమానం కావు. ఐదు ల్యాండ్లు దింపేశాక చేతికొచ్చే ఆరో ల్యాండ్, రెండో టర్నులో చేతిలో కూర్చున్న ఎనిమిది మనాల రాక్షసి, ఒక్క జీవి కూడా లేని ప్రత్యర్థి ముందు జీవిని చంపే కార్డు, ఇవి చేతిలో ఉన్నా లేనట్టే. అలాంటివి రెండు ఇచ్చి పనికొచ్చేవి రెండు తెచ్చుకుంటే నష్టపోయింది కాగితం మీద మాత్రమే. రమ్మీ ఆడేవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఎత్తిన ముక్క విలువ పారేసే ముక్కను బట్టే తేలుతుంది. తేడా ఒకటుంది: రమ్మీలో పారేసిన ముక్క పక్కవాడికి పనికొస్తుంది, ఇక్కడ పారేసింది మీకే పనికొచ్చేలా డెక్ కట్టుకోవచ్చు.

ఎత్తిన ఆ రెండు కార్డులనే పారేయాలా?

అక్కర్లేదు. ఎత్తినవి ముందు చేతిలో కలుస్తాయి. ఆ తర్వాత మొత్తం చేతిలోంచి మీకు నచ్చిన రెండు పారేయవచ్చు. చేతిలో ఒక్క కార్డే ఉంటే ఆ ఒక్కటే పారేస్తారు, అంతకు మించి శిక్ష లేదు. ఎత్తడం మాత్రం తప్పనిసరి. లైబ్రరీలో ఒక్క కార్డే మిగిలి ఉండగా వేస్తే ఖాళీ లైబ్రరీ నుంచి ఎత్తబోయినందుకు ఆట ఓడిపోతారు.

టార్మెంటింగ్ వాయిస్‌తో కార్డు నష్టం లేదు కదా, అదే మేలు కాదా?

టార్మెంటింగ్ వాయిస్‌కు రెండు మనాలు కావాలి. ఒక కార్డు ముందే పారేసి, తర్వాత రెండు ఎత్తుతారు. చేతిలో కార్డుల సంఖ్య తగ్గదు, అది దాని గొప్ప. కానీ పారేయడం అక్కడ ఖర్చులో భాగం. ప్రత్యర్థి దాన్ని కౌంటర్ చేస్తే, అంటే మరో కార్డుతో రద్దు చేస్తే, రెండు కార్డులు పోతాయి, ఒక్కటీ రాదు. పైగా ఏం రాబోతోందో తెలియకుండానే పారేయాలి. లూటింగ్‌లో వచ్చినవి చూశాకే నిర్ణయం మీది. మొదటి టర్నులోనే వేయవచ్చు, గ్రేవ్‌యార్డ్ నుంచి మళ్లీ వేయవచ్చు. గ్రేవ్‌యార్డ్‌ను వాడుకునే డెక్‌కు లూటింగ్, వాడుకోని డెక్‌కు వాయిస్ అని నా అభిప్రాయం.

వీల్ ఆఫ్ ఫార్చూన్ కూడా ఇలాంటిదే అంటారు?

చేయి మార్చడం వరకే పోలిక. 1993 నాటి మొదటి సెట్‌లోని ఆ కార్డు వేస్తే ఆటగాళ్లందరూ చేయి మొత్తం పారేసి తలా ఏడు ఎత్తుతారు, ప్రత్యర్థి కూడా. అందుకే మీ చేయి ఖాళీగా, ఎదుటివాడి చేయి నిండుగా ఉన్నప్పుడు దానికి విలువ. మళ్లీ ముద్రించబోమని కంపెనీ మాట ఇచ్చిన జాబితాలో ఉండటం వల్ల ధర చాలా ఎక్కువ. విద్యార్థులు దాని జోలికి వెళ్లనవసరం లేదు.

## డెక్ కట్టేటప్పుడు

ఎర్ర డెక్ అయితే చాలు, నాలుగూ పెట్టేయవచ్చా?

వద్దు. ప్రతి కార్డూ ప్రత్యర్థికి దెబ్బ తగిలించడానికే ఉన్న వేగపు ఎర్ర డెక్‌లో పారేయడానికి పనికిరానిదంటూ ఏదీ ఉండదు. అక్కడ లూటింగ్ వేసిన ప్రతిసారీ ఒక దెబ్బ తగ్గినట్టే. పారేసినా పనికొచ్చే కార్డులు డెక్‌లో కనీసం పది, పన్నెండు ఉంటే నాలుగు లూటింగ్‌లు పెట్టండి. 60 కార్డుల డెక్‌లో నాలుగు పెడితే మొదటి ఏడు కార్డుల్లో కనీసం ఒకటి కనిపించే అవకాశం దాదాపు 40 శాతం.

ఏ కార్డులతో జత కలిపితే బాగుంటుంది?

కామన్ కార్డులతోనే ఆడే పాపర్ ఫార్మాట్‌ను (ఆట పద్ధతిని) దృష్టిలో పెట్టుకుని చెబుతాను. మా దగ్గర ఎక్కువమంది ఆడేది అదే.

మొదటి జట్టు మ్యాడ్‌నెస్ కార్డులు. పారేసినప్పుడు వీటిని తక్కువ ఖర్చుకు వేయవచ్చు. మూడు మనాల ఫైరీ టెంపర్‌ను ఒక ఎర్ర మనాకే వేసి మూడు పాయింట్ల దెబ్బ తీయవచ్చు. నాలుగు మనాల కిచెన్ ఇంప్ ఒక నల్ల మనాకే దిగుతుంది, ఎగురుతుంది, దిగిన టర్నులోనే దాడి చేస్తుంది. ఆల్మ్స్ ఆఫ్ ది వెయిన్‌కు మామూలుగా మూడు మనాలు, మ్యాడ్‌నెస్‌తో ఒక నల్ల మనా చాలు. ప్రత్యర్థి మూడు ప్రాణాలు కోల్పోతాడు, అవి మూడూ మీకు చేరతాయి. ఈ జట్టుతో లూటింగ్ వేస్తే పారేయడం ఖర్చుగా అనిపించదు.

రెండో జట్టు గ్రేవ్‌యార్డ్ నుంచి లేపేవి. మొదటి టర్నులో లూటింగ్‌తో ఉలామాగ్స్ క్రషర్‌ను పారేసి, రెండో టర్నులో రెండు మనాల ఎగ్జూమ్ వేస్తే ఎనిమిది మనాల 8/8 జీవి (దాడి బలం 8, తట్టుకునే బలం 8) అప్పుడే బల్ల మీద నిలబడుతుంది. అది దాడి చేసిన ప్రతిసారీ ప్రత్యర్థి తన పర్మనెంట్లు, అంటే బల్ల మీదున్న ల్యాండ్లు, జీవుల్లాంటివి, రెండు త్యాగం చేయాలి. ఇలా ఆట తొందరగా ముగించడం చూడముచ్చటగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త: ఎగ్జూమ్ ఇద్దరికీ వర్తిస్తుంది. ఎదుటివాడి గ్రేవ్‌యార్డ్‌లో మంచి జీవి ఉంటే అదీ లేస్తుంది.

మూడోది, ఫ్లాష్‌బ్యాక్ ఉన్న ఇతర కార్డులు. లావా డార్ట్‌ను పారేసినా ఒక మౌంటెన్ (ఎర్ర మనా ఇచ్చే ల్యాండ్) త్యాగం చేసి గ్రేవ్‌యార్డ్ నుంచే వాడుకోవచ్చు. అన్నట్టు, లూటింగ్‌తో ఇంకో లూటింగ్‌ను పారేయడం కూడా మంచి ఎత్తుగడే. పారేసిన దాని ఫ్లాష్‌బ్యాక్ మీదే.

గుర్‌మాగ్ యాంగ్లర్ లాంటి డెల్వ్ జీవులు గ్రేవ్‌యార్డ్ నిండితే చవకగా దిగుతాయి. వాటి ఖర్చు తగ్గించుకోవడానికి గ్రేవ్‌యార్డ్ కార్డులను ఎగ్జైల్ చేసేటప్పుడు పనికిరాని ల్యాండ్లు ముందు, లూటింగ్ చివర.

లూటింగ్ ఉంది కాబట్టి ల్యాండ్లు తగ్గించుకోవచ్చా?

ఒకటి తగ్గించవచ్చు, అంతకు మించి వద్దు. ల్యాండ్లు తక్కువైనప్పుడు వెతికిపెట్టడం కంటే, ఎక్కువైనప్పుడు వదిలించడం లూటింగ్‌కు బాగా తెలిసిన పని. రెండో టర్నులో ల్యాండ్ కోసం మంచి కార్డులు రెండు పారేసుకునే దుస్థితి డెక్ కట్టినప్పుడే మొదలవుతుంది.

ఇది నిషేధించిన కార్డు అని విన్నాను. ఎక్కడ ఆడవచ్చు?

మీరు విన్నది మోడర్న్ ఫార్మాట్ సంగతి. అక్కడ 2019 ఆగస్టులో నిషేధించారు, 2024 డిసెంబరులో ఎత్తివేశారు. గ్రేవ్‌యార్డ్ డెక్‌లన్నిటికీ ఒక్క మనాకే ఇంత మేలు చేయడమే అప్పట్లో దాని నేరం. నిషేధాల జాబితా మారుతూ ఉంటుంది కాబట్టి, చెన్నైలోనో బెంగళూరులోనో టోర్నమెంటుకు వెళ్లేముందు అధికారిక జాబితా ఒకసారి చూసుకోండి.

కమాండర్ ఫార్మాట్‌లో పెట్టుకోవచ్చా?

డెక్ గ్రేవ్‌యార్డ్ మీద ఆధారపడితే తప్పకుండా. లేకపోతే వద్దు. నలుగురు ఆడే పొడవాటి ఆటలో చేతిలో ఒక కార్డు తగ్గడం బాధిస్తుంది.

తిరుపతిలో కార్డులు తెప్పించుకునేదాకా ప్రింటు తీసుకుని ఆడవచ్చా?

మా మధ్య నిరభ్యంతరంగా. బేసిక్ ల్యాండ్ మీద కాగితం ముక్క పెట్టి స్లీవ్‌లోకి (కార్డు తొడుగులోకి) తోయండి, చేతిరాతైనా ఫరవాలేదు. లీలామహల్ కూడలి దగ్గర జిరాక్స్ తీయించి తెచ్చిన డెక్‌తో మమ్మల్ని ఓడించినవాళ్లు ఉన్నారు, వాళ్లంటే మాకు గౌరవం. అధికారిక టోర్నమెంట్లలో మాత్రం అసలు కార్డులే ఉండాలి. బెంగళూరు, చెన్నై నుంచి కొరియర్‌లో తెప్పించుకునేటప్పుడు నలుగురు కలిసి ఒకే పార్సెల్‌గా పెట్టుకుంటే ఖర్చు కలిసొస్తుంది. స్లీవ్‌లు లేకుండా మాత్రం ఆడకండి. మన ఎండాకాలంలో చెమట చేతులకు కార్డులు వంకర తిరుగుతాయి. వంకర తిరిగిన కార్డు వెనకవైపు నుంచే గుర్తుపట్టేలా ఉంటే అది నియమాలకు విరుద్ధం.

## మొదటి చేయి, మొదటి టర్నులు

చేతిలో ఒకే ల్యాండ్ ఉంది, లూటింగ్ ఉంది. ఉంచుకోనా, మలిగన్ చేయనా (చేయి మార్చుకోనా)?

20 ల్యాండ్ల డెక్ అనుకుందాం. చేతిలో ఒకటి పోగా మిగిలిన 53 కార్డుల్లో 19 ల్యాండ్లు. మీరే ముందు ఆడుతుంటే, మొదటి టర్నులో లూటింగ్‌తో చూసే రెండు కార్డుల్లో కనీసం ఒక ల్యాండ్ ఉండే అవకాశం సుమారు 59 శాతం. రెండో టర్నులో ఎత్తే కార్డును కూడా కలిపితే 74 శాతం. రెండోవారుగా ఆడితే ఒక కార్డు అదనంగా వస్తుంది కాబట్టి 84 శాతం.

అంకెలు చూసి ధైర్యం తెచ్చుకోకండి. ఇది రెండో ల్యాండ్ దొరికే లెక్క మాత్రమే, మూడోది ఇంకా దొరకాలి. పైగా ఆ వెతుకులాటలో రెండు కార్డులు పారేశారు. ముందు ఆడుతుంటే నేను మలిగన్ చేస్తాను. రెండోవారుగా ఆడుతూ, చేతిలో పారేయదగిన మ్యాడ్‌నెస్ కార్డులూ ఒక్క మనా కార్డులూ ఉండి, ఆ ఒక్క ల్యాండ్ ఎర్ర మనా ఇచ్చేదైతే ఉంచుకుంటాను.

అన్నా, మొదటి టర్నులోనే వేసేయాలా?

రెండు సందర్భాల్లో అవును. చేతిలో పెద్ద జీవి, దాన్ని లేపే కార్డు రెండూ ఉంటే వెంటనే వేయండి. ల్యాండ్లు తక్కువై ఆట ముందుకు సాగదనిపిస్తే వేయండి. మిగతా వేళల్లో ఆగండి. మొదటి టర్నులో మీకు ఆట ఎటు పోతుందో తెలియదు. ప్రత్యర్థి జీవులు దింపుతాడా, కౌంటర్లు పట్టుకుని కూర్చుంటాడా అన్నది తెలియకుండా ఏ కార్డు అనవసరమో ఎలా చెప్పగలరు? నాలుగో టర్నులో అదే లూటింగ్ మీకు రెట్టింపు తెలివితో పనిచేస్తుంది. మ్యాడ్‌నెస్ డెక్‌తోనైతే కనీసం రెండో టర్ను దాకా ఆగాలి. లూటింగ్‌కు ఒక మనా, పారేసిన కార్డుకు ఒక మనా కావాలి.

ఒకే టర్నులో ల్యాండ్ ముందు దింపాలా, లూటింగ్ ముందు వేయాలా?

బల్ల మీద మనా ఉంటే లూటింగ్ ముందు. ఇంకా మంచి ల్యాండ్ రావచ్చు, ఏది దింపాలో చూసి నిర్ణయించుకోవచ్చు. మ్యాడ్‌నెస్ కార్డు పారేయబోతూ దానికి మనా చాలకపోతే మాత్రం ల్యాండ్ ముందు. మ్యాడ్‌నెస్ స్టాక్ (వేసినవి ఫలితం కోసం వేచి ఉండే వరస) మీద ఉండగా ల్యాండ్ దింపడానికి నియమాలు ఒప్పుకోవు. కొత్తవాళ్ల ఫైరీ టెంపర్‌లు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

## ఆట నడుస్తుండగా

చేయి ఖాళీ అయింది. ఇప్పుడైనా ఫ్లాష్‌బ్యాక్ వేసుకుంటే ఏమైనా దొరుకుతుంది కదా?

దొరకదు. చేయి ఖాళీగా ఉంటే రెండు ఎత్తి ఆ రెండే పారేస్తారు. మూడు మనాలు ఖర్చయ్యాయి, చేతిలో ఏమీ లేదు. ఎత్తిన వాటిలో మ్యాడ్‌నెస్ కార్డో ఫ్లాష్‌బ్యాక్ కార్డో వచ్చి, దాని ఖర్చు కూడా చెల్లించగలిగితే తప్ప ఫలితం దాదాపు సున్నా.

దీనికి మందు ముందే వేసుకోవాలి. ఈ పేజీలో ఒక్కటే గుర్తుపెట్టుకోదలిస్తే ఇదే పెట్టుకోండి. డెక్‌కు కావలసినన్ని ల్యాండ్లు, సాధారణంగా నాలుగు, బల్ల మీదికి చేరాక ఆ తర్వాత వచ్చేవి దింపకండి. చేతిలోనే ఉంచండి. అలా ఒక ల్యాండ్ దాచి ఉంచితే లూటింగ్ వేసినప్పుడు దాన్నీ, ఎత్తిన రెండిటిలో నచ్చనిదాన్నీ పారేసి మంచిది మిగుల్చుకుంటారు. రెండు దాచి ఉంచితే ఎత్తిన రెండూ మీవే. అప్పుడు ఫ్లాష్‌బ్యాక్ అచ్చంగా రెండు కొత్త కార్డులు ఇచ్చినట్టే. దానికి తోడు, మీ చేతిలో రెండు కార్డులు చూసి ఎదుటివాడు కాస్త ఆచితూచి ఆడతాడు.

ఏది పారేయాలో తేల్చుకోలేకపోతున్నాను.

రాబోయే రెండు టర్నుల్లో ఏ కార్డు వేస్తారో మనసులో అనుకోండి. ఆ వరసలో లేనివాటిలోంచే పారేయండి. ‘ఎప్పటికైనా పనికొస్తుంది’ అనిపించే కార్డే సాధారణంగా పారేయవలసిన కార్డు. మీరు వెనుకబడి ఉంటే నెమ్మదిగా ఫలితమిచ్చేవి వదలండి, ముందంజలో ఉంటే ఆత్మరక్షణవి వదలండి. రెండు కార్డులూ వేయదగినవేనని తేలితే లూటింగ్ ఒక టర్ను తొందరగా వేశారన్నమాట. వచ్చేసారి ఆగండి.

మ్యాడ్‌నెస్ కార్డును ఎప్పుడు వేయాలి? సార్సరీ అయితే ఆగాలా?

ఆగకూడదు. పారేసిన కార్డు గ్రేవ్‌యార్డ్‌కు బదులు ఎగ్జైల్‌లోకి వెళ్తుంది. లూటింగ్ పూర్తికాగానే దాని మ్యాడ్‌నెస్ స్టాక్ మీదికి వస్తుంది. అది పరిష్కారమైనప్పుడే ఖర్చు చెల్లించి వేయాలి, లేకపోతే గ్రేవ్‌యార్డ్‌కు పోతుంది. సార్సరీలు, జీవులు కూడా అప్పుడే వేయవచ్చు.

స్నీకీ స్నాకర్‌ను లూటింగ్‌తో పారేశాను, వెనక్కి రాలేదు. ఎందుకు?

ఒక టర్నులో మీరు మూడో కార్డు ఎత్తిన క్షణానికి అది గ్రేవ్‌యార్డ్‌లో ఉండాలి, అప్పుడే బల్ల మీదికి తిరిగి వస్తుంది. టర్ను మొదట్లో ఒకటి, లూటింగ్‌తో రెండు, మొత్తం మూడు. లెక్క సరిపోయింది, కానీ ఎత్తడం అయ్యాకే పారేశారు. మూడో కార్డు ఎత్తేటప్పటికి స్నాకర్ ఇంకా చేతిలోనే ఉంది. ముందు టర్నులో పారేసి ఉంటే ఈ టర్ను లూటింగ్‌తో ట్యాప్ అయి (వాడేసినట్టు పక్కకు తిరిగి) బల్ల మీదికి వచ్చేది. ముందు ఆడేవారు తమ మొదటి టర్నులో కార్డు ఎత్తరు, ఆ టర్నులో లూటింగ్ వేసినా రెండే అవుతాయి.

ఫ్లాష్‌బ్యాక్ ఉందన్న సంగతే మరిచిపోతుంటాను.

గ్రేవ్‌యార్డ్‌లో ఫ్లాష్‌బ్యాక్ ఉన్న కార్డులను అడ్డంగా తిప్పి, సగం బయటికి కనిపించేలా పెట్టుకోండి. మేడ మీద ఆడేటప్పుడు గాలికి చెదరకుండా బరువు పెట్టడం కూడా మంచిదే.

## ప్రత్యర్థి అడ్డుపడినప్పుడు

నేను ఎత్తాక, పారేయకముందు ఎదుటివాడు మధ్యలో ఏదైనా వేయగలడా?

వేయలేడు. ఎత్తడం, పారేయడం ఒకే పని. లూటింగ్ స్టాక్ మీద ఉన్నప్పుడు కౌంటర్ చేయవచ్చు, అంతే. చేతిలోంచి వేసింది కౌంటర్ అయినా గ్రేవ్‌యార్డ్‌కే వెళ్తుంది కాబట్టి ఫ్లాష్‌బ్యాక్ మిగిలే ఉంటుంది. ఫ్లాష్‌బ్యాక్‌తో వేసింది కౌంటర్ అయితే మాత్రం ఎగ్జైల్ అవుతుంది.

గ్రేవ్‌యార్డ్ కార్డులను ఎగ్జైల్ చేసే రెలిక్ ఆఫ్ ప్రొజెనిటస్‌ను ఎదుటివాడు దింపాడు. ఇక లూటింగ్ వృథానా?

కాదు. రెలిక్‌ను ట్యాప్ చేసినప్పుడు ఏ కార్డు ఎగ్జైల్ కావాలో ఎంచుకునేది మీరే. లూటింగ్‌తో పారేసిన అదనపు ల్యాండ్లు అక్కడ కవచంలా ఉంటాయి, టర్నుకొకటి వాటినే ఇవ్వండి. మొత్తం గ్రేవ్‌యార్డ్‌ను ఊడ్చేయాలంటే అతను ఒక మనా చెల్లించి రెలిక్‌ను ఎగ్జైల్ చేయాలి. దానికి బదులుగా అతనికి ఒక కార్డు దొరుకుతుంది. ఆ పని చేయించిన తర్వాతే విలువైన జీవిని పారేయండి.

లూటింగ్ ఫ్లాష్‌బ్యాక్ పోతుందని భయమైతే, నాలుగు మనాలు ఉన్న టర్నులో రెండుసార్లూ వరసగా వేయండి. మొదటిది పూర్తవగానే అవకాశం ముందు మీకే వస్తుంది. ఫ్లాష్‌బ్యాక్‌తో వేయడం మొదలుపెట్టగానే కార్డు స్టాక్ మీదికి చేరుతుంది కాబట్టి రెలిక్‌కు అందదు. అయితే మొదటిసారి మ్యాడ్‌నెస్ కార్డు పారేస్తే ముందు దాని సంగతి తేలాలి, ఆ సందులో అతనికి అవకాశం దొరుకుతుంది.

మోడర్న్‌లో రెస్ట్ ఇన్ పీస్, చాలిస్ ఆఫ్ ది వాయిడ్ ఎదురైతే?

రెస్ట్ ఇన్ పీస్ ఉంటే గ్రేవ్‌యార్డ్‌కు వెళ్లవలసినవన్నీ ఎగ్జైల్ అవుతాయి కాబట్టి ఫ్లాష్‌బ్యాక్ ఉండదు, లేపే కార్డులకు పని ఉండదు. మ్యాడ్‌నెస్ మాత్రం నిక్షేపంగా పనిచేస్తుంది, కార్డును ఎగ్జైల్ చేసే రెండు దారుల్లో ఏది వర్తించాలో నిర్ణయం మీదే. చాలిస్‌ను ఒకటి మీద (మనా విలువ ఒకటి ఉన్నవాటిని కౌంటర్ చేసేలా) పెడితే చేతి నుంచి వేసినా, ఫ్లాష్‌బ్యాక్‌తో మూడు చెల్లించినా లూటింగ్ కౌంటర్ అవుతుంది. చెల్లించింది ఎంతైనా కార్డు మనా విలువ ఒకటే.

రెండో గేమ్‌లో సైడ్‌బోర్డ్ చేసేటప్పుడు (పక్కన ఉంచిన కార్డులతో డెక్ మార్చేటప్పుడు) లూటింగ్ తీసేయాలా?

మ్యాడ్‌నెస్ డెక్‌లో తీయవద్దు. ఎగ్జూమ్ డెక్‌లో, ఎదుటివాడు గ్రేవ్‌యార్డ్ మీద పడతాడని తెలిస్తే ఒకటి తీస్తాను, నాలుగూ ఎప్పుడూ తీయను. సైడ్‌బోర్డ్ కార్డులను త్వరగా వెతికిపెట్టేది కూడా అదే. ఫేరీ మకాబర్‌ను ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. ఒక్క మనా కూడా లేకుండా దాన్ని చేతిలోంచి పారేసి గ్రేవ్‌యార్డ్‌ల నుంచి రెండు కార్డుల దాకా ఎగ్జైల్ చేయవచ్చు. అందువల్ల ప్రత్యర్థి మనా మొత్తం వాడేశాడు కదా అని ఒకే జీవి మీద ఆశ పెట్టుకోకండి. వీలైతే లూటింగ్‌లతో రెండిటికి మించి జీవులను పారేసి, అప్పుడు ఎగ్జూమ్ వేయండి.

ఆడటానికి తోడు లేనప్పుడు దీన్ని ఎలా సాధన చేయాలి?

డెక్ కలిపి ఏడు కార్డులు ఎత్తండి. అందులో లూటింగ్ లేకపోతే ఒకటి మార్చి పెట్టుకోండి. దాన్ని ఏ టర్నులో వేస్తారో, ఏ రెండు పారేస్తారో ముందే కాగితం మీద రాయండి. తర్వాత ఎవరూ లేకుండానే ఐదు టర్నులు ఆడి, పారేసిన రెండిటిలో ఏదైనా చేతిలో ఉంటే బాగుండేదా అని చూడండి. రాసింది, జరిగింది పక్కపక్కన పెట్టుకుని ఆదివారం తీసుకురండి, కలిసి చూద్దాం.